శైశవ శూల: చికిత్సల చరిత్ర

ఆరోగ్యంగా పాలు తాగుతూ బరువు పెరుగుతున్న పసికందు, కారణం తెలియకుండా, తరచుగా సందెవేళ, ముఖం ఎర్రబారేలా, కాళ్లు పొట్టలోకి ముడుచుకొని గంటల తరబడి ఏడవడాన్ని శైశవ శూల అంటారు. ఆధునిక వైద్యంలో దీని పేరు కోలిక్. రోజుకు 3 గంటలకు, వారానికి 3 రోజులకు, మొత్తం 3 వారాలకు మించి సాగే ఏడుపే శూల అని అమెరికన్ శిశువైద్యుడు మోరిస్ వెసెల్ 1954లో పెట్టిన కొలత నేటికీ వాడుకలో ఉంది. సుమారు ఆరో వారానికి ముదిరే ఈ ఏడుపు మూడు నాలుగు నెలలకు దానంతటదే తగ్గుతుంది గనుక, తగ్గే ముందు ఏ మందు పడితే ఆ మందుకే పేరు దక్కింది.

బాలవైద్యానికి ఆయుర్వేదంలో కౌమారభృత్యమని పేరు. ఆ శాఖకు ప్రధాన గ్రంథమైన కాశ్యప సంహితలోని వేదనాధ్యాయం మాటలు రాని బిడ్డ బాధను చేష్టలను బట్టి పోల్చుకొనే తీరు చెబుతూ, చన్ను వదిలేసి ఏడవడం, పొట్ట బిగుసుకోవడం, ముఖాన చెమట పట్టడం శూలకు గుర్తులని పేర్కొంది. నెల్లూరు తీరాన బోగోలు, బిట్రగుంట, కావలి వైపు ఇళ్లలోనూ ఈ నొప్పిని వాయువుకే అంటగట్టారు తప్ప, కింద చెప్పబోయే అమెరికన్ విధానంలాగా వెన్నుకు కాదు. ఇంగువ అరగదీసి బొడ్డు చుట్టూ పట్టు వేయడం, ఆముదం రాసిన తమలపాకును దీపం సెగన వెచ్చచేసి పొట్టపై పరచడం, అప్పటికీ ఏడుపు ఆగకపోతే ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీయడం ఇంటి పెద్దల పద్ధతి. నీళ్లు పోసే అవ్వ కాళ్లు చాపి, బిడ్డను బోర్లా వేసుకొని, నూనె చేత్తో మెడ నుంచి నడుము దాకా నిమురుతుంది. అయితే అది ఒంటికి సుఖమని చేసేదేగాని పూసలు సరిచేయడానికి కాదు. విరిగిన ఎముకలకు పేరుపడ్డ పుత్తూరు కట్టు కూడా పసివాళ్ల కడుపునొప్పి జోలికి పోలేదు.

సీసా మందు ఇంగ్లండు నుంచి వచ్చింది. నాటింగ్‌హామ్‌కు చెందిన విలియం వుడ్‌వర్డ్ 1851లో తయారుచేసిన గ్రైప్ వాటర్‌లో సోపుకు దగ్గరి చుట్టమైన శతపుష్ప నూనె, వంటసోడా, చక్కెరతోపాటు కొంత ఆల్కహాలూ ఉండేది. ఏడుపు మానడంలో ఆ చివరి దినుసు వాటా ఎంతో చెప్పనక్కరలేదు. మద్రాసులో 1928లో మొదలైన టీటీకే సంస్థ దీన్ని మన దేశంలో ఇంటింటి మందు చేసింది. ఇప్పటి సీసాలో ఆల్కహాలు లేదు. అయినా ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా పట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

వెన్నుపూసలను చేత్తో సర్దే కైరోప్రాక్టిక్ విధానాన్ని అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో డి.డి.పామర్ 1895లో ఆరంభించి, రోగాలలో నూటికి 95 వంతులు పూసలు తొలగడంవల్లనే పుడతాయని వాదించాడు. శూలను ఆ లెక్కలో చేర్చినవారి మాటను 2001లో నార్వేలో 86 మంది శిశువులపై పరీక్షించగా, వెన్ను సర్దించుకున్న పిల్లలకూ, నర్సు ఊరికే ఎత్తుకున్న పిల్లలకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇలాంటి చికిత్సలను విమర్శించినందుకు భారతీయ మూలాలున్న రచయిత సైమన్ సింగ్‌పై బ్రిటిష్ కైరోప్రాక్టిక్ సంఘం 2008లో పరువునష్టం దావా వేసి, 2010లో ఉపసంహరించుకుంది. బ్రిటన్‌లో 2013 నాటి పరువునష్టం చట్టానికి దారితీసిన ఉద్యమానికి ఆ వ్యాజ్యం ఊపునిచ్చింది. రెండు వారాల బిడ్డకు వెన్ను సర్దుతున్న వీడియో బయటపడ్డాక ఆస్ట్రేలియా 2019లో పసిపిల్లల విషయంలో ఆంక్షలు పెట్టింది.

ఏడుపుతోపాటు పచ్చటి వాంతులు, జ్వరం, మలంలో నెత్తురు కనిపిస్తే అది శూల కాదు. పేగు మెలిపడటం వంటి అత్యవసర స్థితి కావచ్చు గనుక పట్టులూ సీసా మందులూ వదిలి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.