రంగు కింద దాగిన తొలి పూత

అమెరికాలో ఇంటి కిందుండే బేస్‌మెంట్ గదిని సొంతంగా పూర్తి చేసుకున్న ఇళ్లలో ఒక దృశ్యం తరచూ కనిపిస్తుంది. గోడకు రెండు పూతలు రంగు వేశారు, బాగా ఆరింది. సీలింగులో గోడ పక్కగా బిగించిన లైట్లు వేయగానే నాలుగడుగుల ఎత్తున అడ్డంగా ఒక మసక పట్టీ తేలుతుంది. దానికి పైనా కిందా, స్క్రూలు దిగిన చోటల్లా, రూపాయి బిళ్లంత మచ్చలు. చేత్తో తడిమితే నున్నగానే ఉంటుంది, కంటికి మాత్రం అతుకులన్నీ తెలిసిపోతాయి. ఆ గోడ డ్రైవాల్, అంటే కాగితం పొరల మధ్య జిప్సం పెట్టిన బల్లలు; వాటి మీది కాగితం రంగులోని నీటిని ఒక తీరుగా పీలుస్తుంది, అతుకుల మీద పెట్టిన లప్పం మరో తీరుగా పీలుస్తుంది. లప్పం ఎక్కువగా తాగేసిన చోట మెరుపు చచ్చిపోతుంది. దాని మీద మూడో పూత వేయడం కన్నా మొదటే ప్రైమర్ వేయడం తేలిక, చవక కూడా.

గోడ రంగుల చరిత్ర చెప్పేవాళ్లు ఎరుపు ఎక్కడి నుంచి వచ్చింది, నీలం ఎంత ఖరీదు అని చెబుతారు. నాకు మాత్రం ఆ చరిత్రలో అసలు పట్టున్న భాగం, పైకి కనపడని ఈ తొలి పూతే అనిపిస్తుంది. గోడ తాగకుండా ఆపడం ఎలా అన్న ఒక్క ప్రశ్న చుట్టూ రెండు మూడు శతాబ్దాల పనితనం తిరిగింది.

సున్నానికి ఈ చిక్కు లేదు. తడిపిన గోడ మీద సున్నం కొడితే అది లోపలికి ఇంకి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుని మళ్లీ సున్నపురాయిగా గట్టిపడి, గోడలో భాగమైపోతుంది. సంక్రాంతి ముందు మన ఊళ్లలో సున్నం నానబెట్టి, వడగట్టి, చేతికి అంటకుండా కాస్త తుమ్మ బంకా, తెల్లదనానికి చిటికెడు నీలిమందూ కలిపి వెల్ల వేసేవారు. అమెరికా పల్లెల్లోనూ బంగాళదుంపలూ ఆపిల్ పళ్లూ పాలూ దాచే నేలమాళిగలకు సున్నమే కొట్టేవారు. లాంతరు వెలుగు ఇనుమడించేది, బూజు తగ్గేది.

పై అంతస్తుల్లో నూనె రంగు వేయాలన్నప్పుడే కష్టం మొదలైంది. గచ్చు గోడ అవిసె నూనెను తాగేస్తే, పైన పట్టుకునేదేమీ లేక రంగు పొడిలా రాలుతుంది. అందుకని పాత పనివాళ్లు పశువుల తోళ్లూ ఎముకలూ ఉడికించి తీసిన జిగురును పల్చగా కలిపి ముందు గోడకు రాసేవారు. లేదంటే తెల్ల సీసాన్ని అవిసె నూనెలో నూరి, టర్పెంటైన్‌తో పల్చన చేసి తొలి పూత వేసేవారు. తెల్ల సీసం గట్టిగా పట్టేది, ఏళ్ల తరబడి నిలిచేది. అది వేసిన మనుషులకే నిలకడ లేకుండా పోయింది: కడుపులో మెలిపెట్టే నొప్పి, మణికట్టు వాలిపోయి బ్రష్ పట్టలేని చేయి. ఇళ్ల లోపలి గోడలకు తెల్ల సీసం వాడకాన్ని కట్టడి చేస్తూ అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921లోనే ఒప్పందం చేసింది. అమెరికాలో ఇళ్ల రంగుల్లో సీసాన్ని నిషేధించింది మాత్రం 1978లో. ఆ ఏడాదికి ముందు కట్టిన ఇల్లు కొన్నవాళ్లు బేస్‌మెంట్‌లోని పాత రంగుకు ఉప్పు కాగితం తాకించే ముందు సీసం పరీక్ష చేయించి తీరాలి. ఆ దుమ్ము పిల్లల మెదడుకు చేటు.

ఇంతలో గోడే మారిపోయింది. సన్నటి చెక్కపట్టీల మీద మూడు వరసలు గచ్చు మెత్తి, వారాల తరబడి ఆరబెట్టే పద్ధతికి ప్రత్యామ్నాయంగా అగస్టిన్ సాకెట్ అనే ఆయన కాగితం పొరల మధ్య జిప్సం పెట్టి బల్లలు తయారు చేసి 1894లో పేటెంట్ పొందాడు. యునైటెడ్ స్టేట్స్ జిప్సం కంపెనీ 1909లో ఆయన సంస్థను కొని, 1917 నాటికి షీట్‌రాక్ పేరుతో అమ్మకానికి తెచ్చింది. చాలాకాలం దాన్ని జనం నాసిరకంగానే చూశారు. రెండో ప్రపంచ యుద్ధంలో పనివాళ్లు కరువై, ఇళ్లు త్వరగా లేవాల్సి వచ్చినప్పుడు దాని దశ తిరిగింది. గచ్చు గోడ అంతా ఒకే పదార్థం, డ్రైవాల్ గోడలో కాగితమూ లప్పమూ రెండు. వాటిని ఒక్కటి చేయడానికి నేడు ఎక్కువగా వాడేది పి.వి.ఎ. ప్రైమర్. జర్మనీలో ఫ్రిట్జ్ క్లాట్టే 1912లో కనుగొన్న పాలీవినైల్ అసిటేట్ దాని మూల పదార్థం. మన వడ్రంగులు చెక్కలు అతికించే ఫెవికాల్‌దీ అదే జాతి. ముందు జిగురు రాయడమనే పాత పని అలాగే ఉంది, తోళ్లు ఉడికించడం ఒక్కటే పోయింది.

ఇంటివాళ్లే రంగు వేసుకోగలగడానికి కూడా ఆ యుద్ధమే దారి తీసింది. నూనెలు కరువైన కాలంలో, 1941లో, క్లీవ్‌లాండ్‌కు చెందిన షెర్విన్-విలియమ్స్ కంపెనీ కెమ్‌టోన్ అనే నీళ్ల రంగు తెచ్చింది. గంటలో ఆరేది, ఘాటు వాసన ఉండేది కాదు, బ్రష్ నీళ్లతో కడుక్కుంటే చాలు. దానితోపాటు రోలర్‌నూ అమ్మారు. టొరంటోలో నార్మన్ బ్రేకీ 1940లోనే రోలర్ తయారు చేసినా, దానితో డబ్బు చేసుకోలేకపోయాడు. బ్రష్ గీతలు పడకుండా రంగు వేయడానికి ఏళ్ల అనుభవం కావాలి, రోలర్‌కు ఒక పూట చాలు. ఆగ్నేయాసియా జపాన్ చేతిలో పడి రబ్బరు రాక ఆగినప్పుడు అమెరికా కృత్రిమ రబ్బరు కర్మాగారాలు పెట్టింది. యుద్ధం ముగిశాక ఆ రసాయనాలే గోడకెక్కాయి. అదే క్లీవ్‌లాండ్‌లో గ్లిడెన్ కంపెనీ 1948లో తెచ్చిన స్ప్రెడ్ శాటిన్ అలా పుట్టిన లేటెక్స్ రంగు. 1953లో రోమ్ అండ్ హాస్ యాక్రిలిక్ ఎమల్షన్ ఇచ్చింది. నేడు డబ్బాల్లో దొరికేవాటిలో మేలైనవన్నీ దాని వారసులే.

సరిగ్గా అప్పుడే బేస్‌మెంట్ ఖాళీ అయింది. చలి ప్రాంతాల్లో నేల గడ్డకట్టే లోతుకన్నా కిందికి పునాది దింపాలి కాబట్టి, ఎలాగూ తవ్వాం కదా అని మరికాస్త తవ్వి గది చేసుకునేవారు. అందులో బొగ్గు కుప్పా, బొగ్గు పొయ్యీ ఉండేవి. గ్యాసూ ఆయిలూ వచ్చి బొగ్గును గెంటేశాక ఆ మసి గది పిల్లలు ఆడుకునే గదిగా మారింది. సొంత చేతులతో ఇల్లు బాగుచేసుకునే ఈ మోజు గురించి టైమ్ పత్రిక 1954 ఆగస్టులో ముఖచిత్ర కథనమే వేసింది. నేడు న్యూజెర్సీ, వర్జీనియా, మిషిగన్‌లలో తెలుగు కుటుంబాలు బేస్‌మెంట్‌ను కూచిపూడి సాధనకో, సినిమాలు చూసుకోవడానికో సిద్ధం చేసుకుంటున్నాయి. డాలస్‌లో ఉన్న మనవాళ్లకు ఆ యోగం తక్కువ. అక్కడి బంకమట్టి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది కాబట్టి బేస్‌మెంట్లు అరుదు.

యుద్ధం తర్వాతి ఆ బేస్‌మెంట్ గదులకు చాలామంది పైన్ చెక్క పలకలు కొట్టించారు. ఇప్పుడు ఆ ఇళ్లు కొన్నవాళ్లు వాటికి తెల్లరంగు వేద్దామనుకుంటారు. కొన్ని నెలలకు చెక్కలోని ముడులు పసుపుపచ్చగా పైకి ఊరుతాయి. ఎన్ని పూతలు వేసినా ముడిలోని బంక మళ్లీ మళ్లీ వస్తుంది. నీటి మరకలదీ, సిగరెట్ పొగదీ అదే తీరు. వీటిని కట్టిపడేయడానికి పనివాళ్లు అడిగేది షెల్లాక్ ప్రైమర్. అది మన లక్కే. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో మోదుగ, రేగు చెట్ల కొమ్మల మీద లక్క పురుగు తన చుట్టూ కట్టుకునే గూడును గీకి, కరిగించి, వడగట్టి రేకులుగా చేస్తారు. ఆ రేకులను ఆల్కహాలులో కరిగించి, తెల్లని రంగుపొడి కలిపితే ప్రైమర్ అవుతుంది. విలియం జిన్సర్ అనే జర్మన్ 1849లో న్యూయార్క్‌లో షెల్లాక్ వ్యాపారం మొదలుపెట్టాడు, ఆ పేరుతో ప్రైమర్ డబ్బాలు నేటికీ అమ్ముడవుతున్నాయి. పాత గ్రామఫోను రికార్డులూ షెల్లాక్‌తో చేసినవే. యుద్ధంలో సరుకు రాక తగ్గి 1942లో అమెరికా ప్రభుత్వం దాని వాడకానికి పరిమితి పెట్టింది. ఏటికొప్పాకలో తిరిగే కర్రకు లక్క కడ్డీ ఆనించగానే రాపిడి వేడికి కరిగి బొమ్మకు మెరుపు పట్టే పనిని చూసినవాళ్లకు, అదే లక్క మిషిగన్ ఇంట్లో పైన్ ముడిని మూసేస్తోందంటే ఎంత సంతోషంగా ఉంటుందో! ఒక జాగ్రత్త మాత్రం ఉంది. పాండవుల లక్క ఇంటి కథ తెలిసిన మనకు ఇది వేరే చెప్పనక్కర్లేదు గానీ, ఆ ప్రైమర్‌లోని ఆల్కహాలు ఆవిరి నిప్పు తగిలితే అంటుకుంటుంది, వాటర్ హీటరూ ఫర్నేసూ ఉండేది బేస్‌మెంట్‌లోనే. వాటి గ్యాస్ మంట ఆర్పి, కిటికీలు తెరిచి, ఫ్యాన్ బయటకు ఊదేలా పెట్టుకున్నాకే డబ్బా తెరవాలి.

కాంక్రీటు గోడ సంగతి వేరు. కొత్త సిమెంటులో క్షారం ఎక్కువ. దాని మీద నూనె రంగు వేస్తే క్షారమూ నూనే కలిసి నిజంగానే సబ్బు తయారవుతుంది, రంగు జిగటగా మారి ఊడుతుంది. పాతకాలపు వాళ్లు నేలమాళిగకు సున్నంతోనే సరిపెట్టుకోవడం తెలివైన పనే, సున్నమూ క్షారమే కదా. ఇప్పుడు కాంక్రీటుకు క్షారాన్ని తట్టుకునే ప్రైమర్లు వేరుగా దొరుకుతాయి, డ్రైవాల్‌కు వాడే పి.వి.ఎ. ఇక్కడ పనికిరాదు. అయినా మట్టిలోంచి వచ్చే తడిని ఏ ప్రైమరూ ఎదురొడ్డి ఆపలేదు. గోడ మీద తెల్లటి ఉప్పు పూసిందంటే నీరు లోపలి నుంచి నడిచి వస్తోందన్న మాట. రంగు కొనడానికి ముందు 18 అంగుళాల చదరపు ప్లాస్టిక్ ముక్క తీసుకుని నాలుగు అంచులా టేపుతో గోడకు అంటించి, కనీసం 16 గంటలు ఉంచి తీసి చూడాలి. గోడవైపు తడి ఉన్నా, కాంక్రీటు నల్లబడినా ప్రైమర్ పని ఆపి బయటికి నడవాలి. చూరు కాలువలు నిండి పొర్లుతున్నాయేమో, వాననీళ్లు దించే గొట్టం పునాది పక్కనే వదులుతోందేమో, నేల వాలు ఇంటివైపు ఉందేమో చూసుకుని, వాటిని సరిచేసి, ఒక వాన వెలిశాక ప్లాస్టిక్ ముక్క మళ్లీ అంటించాలి.