యుద్ధం మిగిల్చే మనసు గాయం: పీటీఎస్‌డీకి చికిత్స ఏమిటి? ఎక్కడ?

నెల్లూరు బారా షహీద్ దర్గా యుద్ధంలో అమరులైన 12 మంది పేరు మీద వెలసింది. షహీద్‌లను తలుచుకునే మనం, ప్రాణాలతో ఇంటికి తిరిగొచ్చిన సైనికుడి మనసు గాయాన్ని మాత్రం చాలాసార్లు గుర్తించలేకపోతున్నాం. ఆ గాయాన్నే డాక్టర్లు పీటీఎస్‌డీ అంటారు.

పేరు ఎలా వచ్చింది?
మొదటి ప్రపంచ యుద్ధంలో దీన్ని ‘షెల్ షాక్’ అన్నారు. 1915లో చార్లెస్ మయర్స్ అనే డాక్టర్ లాన్సెట్ పత్రికలో ఈ పేరుతో వ్యాసం రాశారు. అప్పట్లో చాలామంది దీన్ని పిరికితనం అనుకున్నారు. వియత్నాం యుద్ధం తర్వాత, 1980లో అమెరికా సైకియాట్రీ సంఘం పీటీఎస్‌డీ పేరుతో జబ్బుల జాబితాలో చేర్చింది.

లక్షణాలు
జరిగింది మళ్లీ కళ్లముందు జరుగుతున్నట్టు అనిపించడం, పీడకలలు, పటాకుల చప్పుడుకు ఉలిక్కిపడడం, నిద్ర పట్టకపోవడం, ఊరికే కోపం రావడం, జనంలోకి రాకపోవడం. కొందరు మద్యానికి అలవాటు పడతారు. ఇవి నెల దాటినా తగ్గకపోతే సైకియాట్రిస్టుకు చూపించాలి.

చికిత్స
ముఖ్యమైనది మాటల చికిత్స. భయపెట్టే జ్ఞాపకాన్ని శిక్షణ పొందిన నిపుణుల దగ్గర, కొద్దికొద్దిగా ఎదుర్కోవడం నేర్పిస్తారు. అవసరమైతే సెర్ట్రలిన్ లాంటి మందులు ఇస్తారు. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. డాక్టర్‌ను అడగకుండా మానేయకూడదు.

దువాతో పాటు దవా
గాలి సోకిందని దర్గాకు తీసుకెళ్లడం మన ఇళ్లలో మామూలే. దువా చేయించండి, తప్పు లేదు. మందు మాత్రం ఆపకండి, గొలుసు అసలే వేయకండి. తమిళనాడులోని ఏర్వాడి దర్గా దగ్గర ఒక ప్రైవేటు ఆశ్రమంలో 2001 ఆగస్టు 6న మంటలు లేచాయి. గొలుసులతో కట్టేసి ఉన్న రోగులు తప్పించుకోలేకపోయారు, 28 మంది చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ ప్రకారం రోగిని గొలుసులతో కట్టేయడం నిషేధం.

ఎక్కడికి వెళ్లాలి?
టెలీ మానస్ నంబరు 14416కు రాత్రయినా పగలయినా ఫోన్ చేయవచ్చు, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. సైనికులు, వాళ్ల కుటుంబాల కోసం పుణెలోని సైనిక వైద్య కళాశాలలో 2023 డిసెంబరులో టెలీ మానస్ ప్రత్యేక విభాగం మొదలైంది. ఈసీహెచ్‌ఎస్ కార్డు ఉన్న మాజీ సైనికులు పాలీక్లినిక్ ద్వారా సైకియాట్రిస్టుకు రిఫరల్ అడగవచ్చు. కార్డు లేనివాళ్లు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో వివరాలు కనుక్కోండి.

అబ్బాజాన్ అయినా, భాయ్ అయినా, "మగాడివి, ధైర్యంగా ఉండు" అని సరిపెట్టకండి. వెంట వెళ్లి డాక్టర్‌కు చూపించండి. చచ్చిపోతానన్న మాట వస్తే ఒంటరిగా వదలకండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.