పిల్లల్ని అడిగిందెవరు?

పిల్లల కస్టడీ కేసుల చరిత్ర చదువుతుంటే అనీబిసెంట్ పేరు నాకు రెండు చోట్ల ఎదురైంది. ఒకచోట బిడ్డను పోగొట్టుకున్న తల్లిగా, ఇంకోచోట వేరొకరి బిడ్డల సంరక్షకురాలిగా.

1878లో లండన్ కోర్టు ఆమె కూతురు మేబెల్‌ని తండ్రికి అప్పగించింది. తల్లి నాస్తికురాలు, పైగా గర్భనిరోధం గురించిన పుస్తకం అచ్చువేసిన మనిషి. తీర్పు నిలిచింది వీటి మీదే, ఎనిమిదేళ్లయినా నిండని మేబెల్ మనసు మీద కాదు. పెద్దయ్యాక మేబెల్, ఆమె అన్న డిగ్బీ ఇద్దరూ తల్లికి మళ్లీ దగ్గరయ్యారు.

రెండో కేసు మన మదనపల్లె పిల్లలది. జిడ్డు కృష్ణమూర్తి, తమ్ముడు నిత్యానంద. తల్లి సంజీవమ్మ 1905లోనే పోయింది. 1910లో తండ్రి నారాయణయ్య వాళ్ల సంరక్షణను బిసెంట్‌కి రాసిచ్చాడు. 1912లో పిల్లల్ని తిరిగి ఇప్పించమని దావా వేశాడు. అప్పటికి కృష్ణమూర్తికి 17 ఏళ్లు, ఉన్నది ఇంగ్లండులో. 1913లో మద్రాసు హైకోర్టు తండ్రి పక్షాన తీర్పిచ్చింది. 1914లో ప్రీవీ కౌన్సిల్ దాన్ని కొట్టేసింది. దావా మొదట వేసిన కోర్టుకి ఆ అధికార పరిధి లేదన్నది ఒక కారణం. నన్ను ఆపేసింది రెండో కారణం: పిల్లల తరఫున ఎవరూ నిలబడలేదు, వాళ్ల ఇష్టమేమిటో తెలుసుకోలేదు.

అయితే గెలిచింది బిసెంటే. పిల్లల ఇష్టం ఆమె వైపు ఉండటం వల్లే అది ఆమెకు వాదనగా పనికొచ్చింది. అటువైపు ఉండి ఉంటే?

1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. మైనరుకి ఆలోచించి ఎంచుకోగల వయసుంటే ఆ ఇష్టాన్ని కోర్టు ‘పరిగణించవచ్చు’ అంటుంది 17వ సెక్షన్. ఆ వయసెంతో చెప్పదు. వినడం, వినకపోవడం జడ్జి చేతిలో పెట్టింది. 1992లో భారతదేశం ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక, తన అభిప్రాయం ఏర్పరచుకోగల ప్రతి బిడ్డకీ దాన్ని చెప్పుకునే హక్కు ఉందంటుంది. వయసునీ పరిణతినీ బట్టి దానికి విలువ ఇవ్వాలంటుంది.

బిడ్డ తల్లిని కోరుకుంటే ‘తల్లి నూరిపోసింది’ అనే లోకం మనది. ఆ అనుమానంతో మనం పోరాడాల్సిందే. కానీ ‘అమ్మా? నాన్నా?’ అని నిలదీసి, తీర్పు బరువంతా బిడ్డ నెత్తిన పెట్టడం వినడం కాదు. ఎక్కడ నిద్ర పడుతోంది, బడికెవరు తీసుకెళ్తున్నారు, దేనికి భయమేస్తోంది అని అడిగితే అయిదేళ్ల పిల్ల కూడా చెబుతుంది. ఆ జవాబు తల్లికి అనుకూలంగా లేనప్పుడు కూడా వినడానికి, తల్లుల హక్కుల కోసం రాస్తున్న మనం సిద్ధంగా ఉన్నామా?