అద్దం చుట్టూ దారం

పోయిన డిసెంబరులో మా పాప బడి నుంచి ఒక చీటీ తెచ్చింది. వార్షికోత్సవంలో వాళ్ళ తరగతి పిల్లలది లంబాడీ డాన్సట. డ్రెస్సు అద్దెకి తెచ్చుకోవాలట. మేముండేది బోయిగూడలో. సికింద్రాబాద్‌లో అలాంటి వేషాలు అద్దెకిచ్చే దుకాణాలకి కొదవేముంది? వెళ్ళి చూశాను. నైలాను గుడ్డ మీద జిగురుతో అంటించిన ప్లాస్టిక్ అద్దాలు, రేకు బిళ్ళలు. చేత్తో పట్టుకుంటేనే రెండు ఊడొచ్చాయి. సాహిత్యంలో డాక్టరేటు చేసినదాన్ని, పాతవాటి మీద ప్రేమ ఉన్నదాన్ని. 'అసలైన' కుట్టు నేర్చుకుని, నేనే కుట్టి పాపకి కానుకగా ఇవ్వాలని పంతం పట్టాను.

ఇలాంటి పంతాలు పట్టేవాళ్ళు లోకంలో చాలామందే ఉన్నారు. 1966లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో మొదలైన 'సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రోనిజం' సభ్యులు యూరప్ మధ్యయుగాల దుస్తులు కుట్టుకుంటారు, చేత్తో చేసిన వస్తువులు ఒకరికొకరు కానుకగా ఇచ్చుకుంటారు. అంతకు చాలా ముందే, 1885–86లో, ఇంగ్లండులోని లీక్ అనే ఊళ్ళో ఎలిజబెత్ వార్డిల్ ఆధ్వర్యంలో ముప్ఫైమందికి పైగా స్త్రీలు పదకొండో శతాబ్దపు బేయూ కుట్టుచిత్రానికి నకలు తయారుచేశారు. దాదాపు 70 మీటర్ల పొడవు! అసలు చిత్రాన్ని కుట్టిన చేతుల పేర్లు ఎక్కడా లేవు. నకలు కుట్టిన స్త్రీలు మాత్రం తమ భాగం కింద తమ పేర్లు కుట్టుకున్నారు. స్త్రీల చరిత్ర అంటే ఇదే కదా, పోయిన పేర్లని వెనక్కి తెచ్చుకోవడమే కదా అని అప్పట్లో పొంగిపోయాను.

మా గల్లీ చివర, కట్టెల డిపో పక్కన ఒక పెద్దావిడ ఉంటుంది. దేవరకొండ వైపు తండా నుంచి వచ్చిన లంబాడీ స్త్రీ. చీరే కడుతుంది. నేను సంగతి చెబితే నవ్వింది.

"గిప్పుడెవలు ఏసుకుంటున్రు బిడ్డా? నేనిడిసే ముప్ఫై ఏండ్లాయె."

ఎందుకు విడిచిపెట్టారని అడిగాను.

"పేట్యా ఏసుకోని పనడగబోతే దొంగలను జూసినట్టు జూసెటోళ్ళు. చీర గట్టినంకనే పని దొరికింది."

ఆ చూపు వయసెంతో నాకు పుస్తకాల్లో తెలుసు. ఒకప్పుడు వీళ్ళు ఎద్దుల బిడారుల మీద ధాన్యం, ఉప్పు దేశమంతా మోసినవాళ్ళు. వేల ఎద్దులతో సాగే ఆ బిడారుల గురించి పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే రాశాడు. సైన్యాలకి తిండి అందించిందీ వీళ్ళే. రైలు వచ్చాక ఎద్దుల పని పోయింది. 1874లో వాడి నుంచి రైలుమార్గం వచ్చి చేరింది మరెక్కడికో కాదు, రోజూ నా కిటికీలోంచి కూత వినపడే ఈ సికింద్రాబాద్ స్టేషనుకే. బతుకుతెరువు పోయిన సంచారులకి బ్రిటిషు ప్రభుత్వం పెట్టిన పేరు 'నేరస్థ జాతులు'. 1871 నాటి ఆ చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ విస్తరించారు. అక్కడ సుగాలీల మీదా ఆ ముద్ర పడింది. 1952లో చట్టం రద్దయింది. చూపు రద్దు కాలేదు. దూరం నుంచే గుర్తుపట్టించే బట్టలు వేసుకున్న ఆడవాళ్ళ మీదే ఆ చూపు ముందుగా పడేది.

ఆరు వారాలు ఆదివారం మధ్యాహ్నాలు ఆవిడ దగ్గర కూర్చున్నాను. అద్దానికి చిల్లు ఉండదు, జిగురు ఉండదు. ముందు అడ్డంగా, నిలువుగా నాలుగు దారాలు వేసి అద్దాన్ని బట్టకి బిగించాలి. తర్వాత ఆ దారాల్లోంచి సూది పోనిస్తూ అంచు చుట్టూ కట్టలా కుట్టుకు రావాలి. దారం వదులైతే అద్దం జారుతుంది, బిగిస్తే బట్ట ముడుచుకుంటుంది. నేను కుట్టిన మొదటి నాలుగు అద్దాలనీ ఆవిడ మాట్లాడకుండా విప్పేసింది.

పెళ్ళికి ముందు ఆడపిల్ల కోసం తల్లి ఏమేం కుట్టేదో చెప్పింది: పేట్యా, కాంచళి, తలమీది టుక్రి, బిందె కింద పెట్టుకునే గవ్వల చుట్టకుదురు, వక్కల సంచి. కుట్టు నేర్చుకున్నట్టే పిల్ల ఢావ్లో కూడా నేర్చుకునేది. అది అత్తారింటికి పోతూ పాడే ఏడుపుపాట. 2024లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం అందుకున్న రమేశ్ కార్తీక్ నాయక్ కథల పుస్తకానికి అదే పేరు. నేను పిహెచ్.డి. కోసం చదివిన కథల్లో లంబాడీ స్త్రీ చాలావరకు అద్దాల తళుకుగానే కనిపించింది, పాట ఎక్కడా వినపడలేదు. అప్పుడు నాకది లోటుగా కూడా తోచలేదు.

ఒకరోజు లీక్ స్త్రీల సంగతి చెప్పి, "మీ అమ్మ పేరు కూడా కుట్టుకుని ఉంటే బాగుండేది కదా" అన్నాను. ఆవిడకి నా బాధ అర్థం కాలేదు.

"పేరెందుకు? కుట్టు జూస్తె గది ఎవల చెయ్యో తండంత ఎర్కయితది."

అక్షరాల్లో ఉంటేనే పేరు అనుకునే చదువు నాది. పేరు పోయింది కుట్టినవాళ్ళ దగ్గర కాదు. ఆ చేతిని గుర్తుపట్టలేని మా దగ్గర. సండూరు లంబాడీ కుట్టుకి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో హంపిలో జి-20 సమావేశాలప్పుడు 1,755 వస్తువుల ప్రదర్శన గిన్నిస్ రికార్డులకెక్కింది. మంచిదే, ఆ పనితో కుటుంబాలు బతుకుతున్నాయి. కానీ ఆ గుర్తింపు బోయిగూడలో చీర కట్టుకున్న ఈమె దాకా రాలేదు.

డ్రెస్సు పూర్తి కాలేదు. పదకొండు అద్దాల చిన్న సంచి ఒకటి మాత్రం అయింది. పాప అద్దె డ్రెస్సులోనే ఆడింది. హాలంతా చప్పట్లు. ఆవిడని రమ్మని పిలిచాను.

"మా ఏషం జూడనీకి నేను రావాల్నా?" అంది.

ఆవిడ అన్న 'ఏషం' అనే మాట నన్ను వదల్లేదు. అదే గుడ్డ మా పిల్ల ఒంటి మీద పది నిమిషాల కళ. ఆవిడ ఒంటి మీద పని దొరకనివ్వని నేరం. ఇష్టమైనప్పుడు వేసుకుని, అయిపోగానే విప్పి దుకాణంలో ఇచ్చేయగలిగినవాళ్ళకే గతం సరదా.

నేర్పినందుకు డబ్బివ్వబోతే తీసుకోలేదు. సంచి పాపకే ఇమ్మంది. ఇచ్చాను. కానీ ఆరు ఆదివారాల శ్రమని ఆప్యాయత పేరుతో ఉచితంగా తీసుకున్నానని నాకు తెలుసు. ఆడవాళ్ళ పనిని లోకం తీసుకునే తీరు అదేనని ఎన్ని వ్యాసాల్లో రాశానో కూడా తెలుసు.