స్టెప్నీ ఒక వీధి పేరు

మా ఊరి పంక్చరు కొట్టాయనకు ఇంగ్లీషు రాదు. అయినా కారు ఆగీ ఆగగానే ఆయన వేసే మొదటి ప్రశ్న "స్టెప్నీ ఉందాండీ?" అని. ఇదే మాట ఇంగ్లండులో అంటే లండనులోని ఒక పేట పేరనుకుంటారు. నేనూ చాలాకాలం ఆ పేటకూ ఈ చక్రానికీ ఏదో చుట్టరికం ఉందనే భ్రమలో ఉన్నాను. లేదు. ఈ స్టెప్నీ వేల్సులోని లనెల్లి పట్టణంలో ఒక వీధి.

గాలి టైరు వచ్చాక ప్రయాణం మెత్తబడింది, కష్టాలూ మొదలయ్యాయి. 1888లో బెల్‌ఫాస్టులో డన్‌లప్ సైకిలుకు తొడిగిన గాలి టైరును మిషెలిన్ సోదరులు 1895లో కారుకు తొడిగి, పారిస్-బోర్డో పందెంలో దిగారు. దారి పొడుగునా పంక్చర్లే. గడువులోగా గమ్యం చేరలేకపోయారు. ఆ పందెంలో అందరికన్నా ముందు వచ్చిన లెవస్సోర్‌వి గట్టి రబ్బరు టైర్లు!

నాటి కారు చక్రం సులువుగా ఊడివచ్చేది కాదు. చక్రాన్ని బండికే ఉంచి, ఇనుప పట్టీలతో టైరును పెకలించి, ట్యూబు లాగి, అతుకువేసి, చేతిపంపుతో గాలి కొట్టాలి. ఎండలోనైనా వానలోనైనా, నడిరోడ్డు మీదే.

1904లో లనెల్లిలోని డేవీస్ సోదరులు దీనికొక ఉపాయం కనిపెట్టారు. అది ఆకులు లేని చక్రం: ఒట్టి ఇనుప వలయం, దాని మీద ముందే గాలి నింపిన టైరు. పంక్చరైన చక్రాన్ని విప్పనక్కరలేదు. ఈ వలయాన్ని దాని పక్కనే కొక్కేలతో బిగించి ఇంటికి చేరవచ్చు. వారి కార్ఖానా ఉన్నది స్టెప్నీ వీధిలో. ఆ వీధి పేరే సరుకుకు పెట్టారు.

అంటే మనం డిక్కీలో మోసుకు తిరిగేది అసలు స్టెప్నీ కానే కాదన్నమాట! 1906లో ఫ్రాన్సులో జరిగిన తొలి గ్రాండ్ ప్రీలో రెనో కారు నడిపిన సిస్, టైరుతో సహా ఊడివచ్చే మిషెలిన్ అంచుల సాయంతో గెలిచాడు. పావుగంట పని కొద్ది నిమిషాల్లో ముగిసింది. తర్వాత చక్రానికి చక్రమే ఊడిరావడం మామూలైపోయింది. ఇక కొక్కేల వలయంతో ఎవరికి పని? అది మాయమై, తన పేరును మాత్రం వారసుడికి వదిలిపోయింది. పుట్టినచోట ఆ పేరు వాడుక తప్పింది గానీ మన దగ్గర నిలిచింది. బ్రెజిలు వారు నేటికీ అదనపు చక్రాన్ని "ఎస్తెపి" అంటారు.

2020లో మన దేశంలో నిబంధనలు సవరించారు. ట్యూబులేని టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే పరికరం, పంక్చరు పూడ్చే సామగ్రి ఉంటే కారులో అదనపు చక్రం లేకపోయినా ఫరవాలేదు. ఆమధ్య మా బంధువుల కొత్త కారు డిక్కీ తెరిస్తే అడుగున ఒక చిన్న పంపూ, ఒక సీసా జిగురుమందూ కనిపించాయి. పంక్చరు కొట్టాయన వంగి చూసి, "స్టెప్నీ ఏదండీ?" అన్నాడు. సీసా చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మాట్లాడకుండా జాకీ అందుకున్నాడు.