కందకుర్తి: మూడు నదులు, మూడు భాషలు

నిజామాబాదు జిల్లా చరిత్ర అనగానే మనవాళ్లు బోధన్ దేవల్ మసీదును, డిచ్‌పల్లి రామాలయాన్ని, నిజాంసాగర్‌ను చెప్పి ముగిస్తారు. గోదావరి తెలంగాణలో మొదట అడుగుపెట్టే ఊరు ఏదంటే చాలామంది బాసర అంటారు. బాసర దిగువది. దానికి ఎగువన, రెంజల్ మండలంలో, మహారాష్ట్ర సరిహద్దున ఉన్న కందకుర్తి ఆ మొదటి ఊరు. చిన్న ఊరే గాని దాని సంగతులు చిన్నవి కావు.

ముందు భూగోళం. నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరంలో పుట్టిన గోదావరి ఇక్కడికి వాయవ్యం నుంచి వస్తుంది. మంజీర దారి మాత్రం విచిత్రం. బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, ఆగ్నేయంగా బీదరు మీదుగా మన వైపు వచ్చి, సంగారెడ్డి ప్రాంతంలో ఒక్కసారిగా ఉత్తరానికి మళ్లుతుంది. నిజాంసాగర్‌ను నింపి, బోధన్ ప్రాంతానికి పడమటి హద్దుగా నడిచి, 724 కిలోమీటర్ల ప్రయాణం ముగించి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. హరిద్ర అనే చిన్న వాగు కూడా ఇక్కడే చేరుతుంది కనుక దీనిని త్రివేణి సంగమం అంటారు. ఊరు ఆ మూలలో కూర్చుని ఉంది. పడమట మంజీర దాటితే బిలోలి ప్రాంతం, ఉత్తరాన గోదావరి దాటితే ధర్మాబాద్. రెండూ నాందేడ్ జిల్లావే.

సంగమం దగ్గర నదీగర్భంలో పాత రాతి శివాలయం ఉంది. వరదల్లో మునుగుతుంది, నీరు తీసినప్పుడు బయటపడుతుంది. ఎన్ని వరదలు చూసిందో గాని నిలిచే ఉంది. అటు మరాఠీ వారు, ఇటు తెలుగు వారు ఇక్కడ స్నానాలు చేస్తారు, పితృకార్యాలు చేస్తారు. ఊరిలో వేదాధ్యయనం చేసిన కుటుంబాలు ఉండేవి. రాష్ట్రీయ స్వయంసేవక సంఘ స్థాపకులు కేశవ బలిరాం హెడ్గేవార్ 1889లో నాగపూరులో జన్మించినా, వారి పూర్వీకులు ఇక్కడినుంచి వెళ్లినవారే.

చుట్టుపక్కల నేల ఇంకా పాతది. వింధ్యకు దక్షిణాన ఉన్న ఏకైక మహాజనపదం అశ్మకం. దాని రాజధాని పోదనమే నేటి బోధన్ అని చరిత్రకారులు చెబుతారు. అంత ప్రాచీన నగరం పక్కన, నదులు కలిసేచోట ఊరు లేకుండా ఉంటుందా? అయితే రాజుల పేర్లకంటే రికార్డుల్లో ఎక్కిన సంగతులే నాకు ఆసక్తి. ఉద్యోగం అలాంటిది మరి!

నిజాం పాలనలో కచేరీ భాష ఉర్దూ. పహాణీ, ఫైసలా, రసీదు అన్నీ ఆ భాషలోనే నడిచేవి. పట్వారీ రాసిందే రాత. ఆంధ్రప్రదేశ్‌లో 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయ్యేదాకా ఆ పెత్తనం సాగింది. ఇంట్లో మరాఠీ, పొలంలో తెలుగు, కచేరీలో ఉర్దూ. సరిహద్దు ఊళ్లలో ఇది వింత కాదు, రోజువారీ వ్యవహారం. మనలో చాలామంది ఉపాధ్యాయులుగా జనాభా లెక్కల పుస్తకం చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగినవాళ్లమే. ‘మాతృభాష’ అనే గడి దగ్గరకు రాగానే ఈ ప్రాంతపు పెద్దలు ఒక క్షణం ఆగేవారు. అమ్మ మాట ఒకటి, భార్య మాట ఒకటి, తాము చదివింది మరొకటి. గడి మాత్రం ఒక్కటే. చివరికి ఏదో ఒకటి రాయించుకునేవారు. ఆ అంకెలు చూసి తరువాత పండితులు వాదించుకుంటుంటే నాకు నవ్వు వచ్చేది.

ఈ ఊరి చరిత్రలో అసలు మలుపు 1956 నవంబరు 1. అంతవరకు నాందేడ్, నిజామాబాదు రెండూ హైదరాబాదు రాష్ట్రంలోని జిల్లాలే. ఏరు దాటడమంటే ఏరు దాటడమే. పిల్లనిచ్చినా, ఎడ్లు కొన్నా, అంగడికి పోయినా అంతా ఒకే రాజ్యం. భాషను బట్టి రాష్ట్రాలు విడదీసినప్పుడు నాందేడ్ బొంబాయి రాష్ట్రంలోకి పోయింది, 1960లో మహారాష్ట్ర అయింది. దెగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు మాత్రం మనవైపు వచ్చాయి. ఒక్క రాత్రిలో అల్లుడి ఊరు పొరుగు రాష్ట్రమైంది. పెళ్లి సంబంధాలు ఆగలేదు గాని, కులం సర్టిఫికెట్టు, రేషన్ కార్డు, పిల్లల బడి వంటి వాటి దగ్గర తంటాలు మొదలయ్యాయి. ఆ అర్జీలు పట్టుకుని తిరిగినవారెవరో, వాటి మీద నోట్ రాసినవారెవరో మన సభ్యులకు చెప్పనక్కరలేదు.

తరువాతి కథ నీటిది. 1923 నుంచి 1931 వరకు నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో మంజీర మీద నిజాంసాగర్ కట్టారు. నలభై ఊళ్లు ఖాళీ అయ్యాయి, బోధన్ ప్రాంతం చెరుకు సీమ అయింది. శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ 1938లో గానుగాట మొదలుపెట్టింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. సైరను కూస్తే చుట్టుపక్కల ఊళ్లలో పొద్దు తెలిసేది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లి, 2015 డిసెంబరులో మూతపడింది. బండ్ల బారులు పోయాయి, చెరుకు చేలు వరికి, సోయాకు మారాయి. జిల్లాలో మగవారు గల్ఫు దారి పట్టడం, ఆడవారు బీడీలు చుట్టి ఇల్లు నడపడం కూడా ఈ కాలపు జనాభా చరిత్రలో భాగమే.

కందకుర్తికి ఇంకొక నీరు కింది నుంచి వచ్చింది. 1963 జులై 26న నెహ్రూ గారు పోచంపాడు వద్ద శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ నిండితే, దాని వెనుక జలాలు ఈ సంగమం దాకా ఎక్కి వస్తాయి. జలాశయం నిండుగా ఉన్నప్పుడు పైనుంచి వరద తోడైతే ఒడ్డు చేలు మునుగుతాయి, మహారాష్ట్రకు పోయే వంతెన మీద రాకపోకలు ఆగుతాయి. అవే నీళ్లను దిగువన కోస్లీ వద్ద ఎత్తిపోసి, నిజాంసాగర్ నీరందని చివరి భూములకు అలీసాగర్ పథకం కింద ఇస్తున్నారు. అంటే ముంపు ఒకరిది, పంట మరొకరిది. రైతులు దీన్ని తప్పుపట్టడం నేను వినలేదు. మునిగిన చేనుకు లెక్క ఎవరు రాస్తారనే వారి ప్రశ్న.

వేసవిలో కథ తిరగబడుతుంది. ఎగువన కొద్ది దూరంలో, ధర్మాబాద్ తాలూకాలో మహారాష్ట్ర కట్టిన బాబ్లీ బ్యారేజీ ఉంది. నిల్వ 2.74 టీఎంసీలు, గేట్లు 14. రెండు రాష్ట్రాల మధ్య పెద్ద తగాదా అయి, 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తీర్పుతో ఒక పద్ధతి ఏర్పడింది. జులై 1 నుంచి అక్టోబరు 28 వరకు గేట్లు ఎత్తి ఉంచాలి. మార్చి 1న 0.6 టీఎంసీ దిగువకు వదలాలి. కనుక ఏటా జులై 1న, రెండు రాష్ట్రాల అధికారుల ఎదుట గేట్లు లేచినప్పుడు, ఆ నీరు ముందుగా చేరే తెలంగాణ ఊరు కందకుర్తి. మిగతా నెలల్లో చాలాచోట్ల ఇసుక మేటలు, మధ్యమధ్య మడుగులు. ఆ ఇసుక కోసం వచ్చే లారీల సంగతి వేరే వ్యాసమవుతుంది.

ఒక ఊరు కదలకుండానే నిజాం రాజ్యం, హైదరాబాదు రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్, 2014 నుంచి తెలంగాణ చూసింది. తాలూకా పోయి 1985లో మండలం వచ్చింది. 2016లో కామారెడ్డి విడిపోయింది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి జిల్లా 25,51,335 మంది. 2021లో జరగవలసిన లెక్క వాయిదా పడింది కనుక ఈ ఊళ్ల నుంచి ఎందరు పోయారో, ఎందరు మిగిలారో పదిహేనేళ్ల కిందటి అంకెతోనే మాట్లాడుకోవలసి వచ్చింది.

1991, 2003, 2015 పుష్కరాల తరువాత వచ్చేవి 2027వి. సంగమానికి వెళ్లదలచిన మిత్రులు నిజామాబాదు నుంచి గాని, బోధన్ నుంచి గాని రెంజల్ మీదుగా వెళ్లవచ్చు. మోకాళ్ల నొప్పులున్నవారు ఘాటు మెట్ల దగ్గరే ఆగి స్నానం చేయడం మంచిది. నదిలోని గుడి నీరు తక్కువున్నప్పుడే కనిపిస్తుంది.