పాత పారిశ్రామిక భూముల పరీక్ష, పునర్వినియోగం: డెలానీపూర్, చాతం పరిసరాలు

సామిల్లు, డీజిల్ పవర్‌హౌస్, ఓడల మరమ్మతు యార్డు, రసాయన కర్మాగారం వంటివి ఏళ్ల తరబడి నడిచిన చోట నేలలో మిగిలిపోయిన విషపదార్థాలను గుర్తించి, వాటివల్ల ఎవరికి ఎంత ముప్పుందో తేల్చి, ఆ స్థలాన్ని మళ్లీ ఇళ్లకో పార్కుకో దుకాణాలకో పనికొచ్చేలా చేయడమే పాత పారిశ్రామిక భూముల పునర్వినియోగం. ఊరు పెరిగేకొద్దీ ఒకప్పటి శివారు నడిబొడ్డుకు వస్తుంది. స్థలానికి గిరాకీ పుడుతుంది. పరీక్ష జరగాల్సింది సరిగ్గా అప్పుడే. అది ఎగిరిపోయేదీ అప్పుడే.

డెలానీపూర్ అండమాన్ రాజధాని శ్రీ విజయపురంలో (2024 సెప్టెంబరు దాకా పోర్ట్ బ్లెయిర్) హాడో, చాతంలకు దగ్గర్లో ఉన్న పేట. నావికాదళం వారి సముద్రిక మ్యూజియం ఇక్కడే ఉంది. పేటలో ఫ్యాక్టరీ గొట్టాలేమీ కనిపించవు. కానీ కొద్ది దూరంలోనే చాతం సామిల్లు, డీజిల్‌తో నడిచే పవర్‌హౌస్, ఫీనిక్స్ బే డాక్‌యార్డు ఉన్నాయి. హార్బరు అవతలి ఒడ్డున బాంబూఫ్లాట్‌లో ఒకప్పుడు పెద్ద ప్లైవుడ్ కర్మాగారం నడిచింది. 2011 జనగణన ప్రకారం ద్వీపాల జనాభాలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 13 శాతం. ఉత్తరాంధ్ర తీరం నుంచి పనికోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాలు వారిలో చాలా ఉన్నాయి. ఈ స్థలాలన్నీ కలుషితమయ్యాయని ఈ వ్యాసం చెప్పడం లేదు. ఇలాంటి వాడకం ఉన్న నేలను ఏ కళ్లతో చూడాలో వివరించడానికి ఇవి దగ్గరి ఉదాహరణలు.

చెక్క, చెదలు, ఆర్సెనిక్

చాతం సామిల్లును 1883లో నెలకొల్పారు. ఆసియాలోని పాత సామిల్లుల్లో ఇది ఒకటి. చిన్న వంతెనతో నగరానికి కలిసిన దీవి మీద, అటవీశాఖ ఆధ్వర్యంలో నడుస్తోంది. పడౌక్, గర్జన్ దుంగలు ఇక్కడ కోతకు వచ్చేవి. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు పడి ఏర్పడిన గుంటను ఇప్పటికీ సందర్శకులకు చూపిస్తారు. శేఖర్ సింగ్ కమిషన్ నివేదిక ఆధారంగా సుప్రీంకోర్టు 2002 మే 7న ఇచ్చిన ఉత్తర్వుతో ద్వీపాల్లో వాణిజ్యపరమైన చెట్ల నరికివేతకు కళ్లెం పడింది. సామిల్లులకు పని తగ్గింది, ప్లైవుడ్ పరిశ్రమకు ముడిసరుకే లేకుండా పోయింది.

కలప కోసే చోట విషమేముంటుందన్న అనుమానం సహజం. దుంగలో విషం లేదు, దుంగను కాపాడటానికి వాడిన మందులో ఉంది. ఉక్కపోత, వాన, చెదలు, సముద్రంలో కలపను తొలిచే పురుగులు ఉన్న చోట శుద్ధి చేయని కలప ఎక్కువ కాలం నిలవదు. పూర్వం బొగ్గు తారు నుంచి తీసిన క్రియోసోట్ పట్టించేవారు. 1933లో డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో శొంఠి కామేశం రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాలు కలిపిన మందు కనిపెట్టారు. ‘అస్కు’ పేరుతో అది ప్రపంచమంతా పాకింది. తెలుగువాళ్లు పెద్దగా చెప్పుకోని ఆవిష్కరణ ఇది. రాగి బూజును ఆపుతుంది, ఆర్సెనిక్ పురుగును చంపుతుంది, క్రోమియం ఆ రెండింటినీ కలపకు పట్టి ఉంచుతుంది. ఉక్కు సిలిండర్‌లో కలప పెట్టి, గాలి లాగేసి, ఒత్తిడితో మందు ఎక్కిస్తారు. బయటికి తీసిన కలప కొన్నాళ్లపాటు ఆకుపచ్చటి చుక్కలు కారుస్తూ యార్డులో ఆరుతుంది. కింద సిమెంటు గచ్చు లేని రోజుల్లో ఆ చుక్కలన్నీ మట్టిలోకే పోయాయి. ప్రపంచంలో ఎక్కడ చూసినా కలప శుద్ధి కేంద్రాల్లో ఆర్సెనిక్ ఎక్కువగా దొరికేది ఈ ఆరబెట్టే యార్డు కిందే. అమెరికాలో 2003 చివరికల్లా ఇళ్లలో వాడే కలపకు ఈ మందు పట్టించడం ఆపేశారు.

రంపపు పొట్టుదీ ఇలాంటి కథే. పల్లపు ఒడ్డును పొట్టుతో పూడ్చడం సామిల్లులున్న చోట్ల మామూలు. పూడ్చిన పొట్టు కుళ్లుతూ నేలలోని ఆక్సిజన్‌ను తాగేస్తుంది. ఆక్సిజన్ లేని తడినేలలో ఇనుము కరుగుతుంది, అంతదాకా దానికి అంటుకుని ఉన్న ఆర్సెనిక్ కూడా దానితోపాటే నీళ్లలోకి విడుదలవుతుంది. మీథేన్ వాయువు పుడుతుంది, నేల ఏటికేడు కుంగుతుంది. పైన గోడ కట్టినవాడికి పగుళ్లు కనిపిస్తాయి, కారణం కనిపించదు.

పవర్‌హౌస్‌ల దగ్గర వెతకాల్సినవి డీజిల్, వాడిన ఇంజనాయిలు, పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనెలోని క్లోరిన్ సమ్మేళనాలు. డాక్‌యార్డుల దగ్గర సీసం ఉన్న రంగు పెచ్చులు, ఓడ అడుగున నాచు పట్టకుండా పూసిన ట్రైబ్యుటైల్ టిన్ పూత అవశేషాలు చూస్తారు. ఈ పూతను అంతర్జాతీయ ఒప్పందం 2008 నుంచి నిషేధించింది. ఒడ్డు బురదలో చేరిన పాత పెచ్చులకు నిషేధం వర్తించదు.

పరీక్ష

మొదటి దశలో పార పట్టుకోరు. పాత మ్యాపులు, లైసెన్సులు, కొనుగోలు రిజిస్టర్లు, విమానం నుంచి తీసిన ఫోటోలు చూస్తారు. వాటికంటే ఎక్కువ చెప్పగలిగేవాళ్లు రిటైరైన కార్మికులు. మందు డ్రమ్ములు ఎక్కడ పెట్టేవారు, ఆయిలు మార్చిన తర్వాత పాతది ఎటు పోసేవారు, వానాకాలంలో యార్డు నీళ్లు ఎటు పారేవి అని వాళ్ల భాషలో అడిగితే బోరు వేయాల్సిన చోటు సగం తెలిసిపోతుంది. డెలానీపూర్ లాంటి పేటలో ఆ ప్రశ్నలు తెలుగు, బెంగాలీ, తమిళం, హిందీల్లో అడగాలి. కన్సల్టెంటు ఇంగ్లీషు ప్రశ్నపత్రం పట్టుకెళితే ఖాళీగా తిరిగొస్తుంది. యుద్ధకాలంలో బాంబులు పడిన చోటు కాబట్టి పేలని మందుగుండు ఉందేమో చూడటం కూడా ఈ దశలోనే జరగాలి.

రెండో దశ నమూనాలు. పిల్లలు ఆడుకునే పై పొరను, సుమారు జానెడు లోతువరకు, విడిగా తీస్తారు. తర్వాత అర మీటరు, మీటరు, ఇంకా కిందికి, నీటిమట్టం దాకా వెళతారు. లోహాలకైతే ప్లాస్టిక్ డబ్బా చాలు. డీజిల్, ద్రావకాల వంటి ఆవిరయ్యే పదార్థాలకు గాజు సీసా కావాలి, గాలి చొరబడకుండా మూతపెట్టి ఐసుపెట్టెలో ఉంచాలి. ఇలాంటి నమూనాలను సాధారణంగా 14 రోజుల్లోగా పరీక్షించాలి. చెన్నై 1,190 కిలోమీటర్లు, విశాఖ 1,200 కిలోమీటర్లు ఉన్న చోట ఓడ వాయిదా పడితే ఆ సీసా విలువ సున్నా.

ఇక్కడ తేలిగ్గా పొరబడే విషయం ఇంకొకటుంది. దక్షిణ అండమాన్ తూర్పు తీరంలో పురాతన సముద్రగర్భపు శిలలు పైకి తేలి ఉన్నాయి. సర్పెంటినైట్ వంటి ఈ రాళ్లలో క్రోమియం, నికెల్ సహజంగానే ఎక్కువ. చాతం మట్టిలో క్రోమియం కనిపించగానే నింద మిల్లు మీద వేస్తే తప్పు కావచ్చు, అంతా రాయిదేనని వదిలేసినా తప్పు కావచ్చు. మిల్లు ఛాయ పడని, అదే రకం రాయి మీదున్న నేలనుంచి పోలిక నమూనాలు తీయాలి. క్రోమియం ఏ రూపంలో ఉందో కూడా చూడాలి. రాతిలోని మూడు వేలన్సీ క్రోమియం పెద్దగా కదలదు. పరిశ్రమ వాడే ఆరు వేలన్సీ క్రోమియం నీళ్లలో కరుగుతుంది, క్యాన్సర్ కారకం. మొత్తం క్రోమియం ఒక్క అంకెగా ఇచ్చే రిపోర్టు ఈ ద్వీపంలో ఎందుకూ కొరగాదు.

మూడో దశలో ముప్పు లెక్క. మూలం, దారి, తగిలే మనిషి: ఈ మూడూ ఉంటేనే ముప్పు. రెండు మీటర్ల కింద కదలకుండా ఉన్న ఆర్సెనిక్ పైన కార్ల పార్కింగ్ కడితే తగిలే దారి దాదాపు లేదు. అదే చోట బావి తవ్వితే ఉంది. అందుకే ‘సురక్షిత స్థాయి’ అనేది స్థలం వాడకాన్నిబట్టి మారుతుంది. కొత్త ఆధారాలు వస్తే అంకె కూడా మారుతుంది. ఇళ్ల స్థలాల్లో సీసానికి అమెరికా వాడిన 400 పీపీఎం హద్దును 2024లో 200కు దించారు.

ద్వీపం షరతులు

ప్రధాన భూభాగంలో ఎక్కువమంది మొగ్గే పరిష్కారం తవ్వి లారీలో తరలించడం. ఆంధ్రప్రదేశ్‌లో పరవాడ, తెలంగాణలో దుండిగల్ దగ్గర ప్రమాదకర వ్యర్థాల కేంద్రాలున్నాయి కాబట్టి అది అక్కడ సాధ్యం. ఇక్కడ ప్రతి టన్నుకూ ఓడ ఎక్కించే ఖర్చు, ఎక్కించేటప్పుడు చిందే ప్రమాదం ఉన్నాయి. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన, తీవ్ర భూకంప ప్రమాదం, తీరప్రాంత నిబంధనలు వీటికి తోడు.

2004 డిసెంబరు 26 భూకంపం తర్వాత దక్షిణ అండమాన్ నేల సుమారు మీటరు కుంగింది. సిప్పీఘాట్ పొలాలు ఉప్పునీళ్లలో మునిగిపోయాయి. పాత నేల నివేదిక ఏదైనా 2004కు ముందుదైతే దానిలోని నీటిమట్టం, ఆటుపోట్ల హద్దు ఇప్పుడు చెల్లవు. ఒకప్పుడు పొడిగా ఉన్న పొర ఇప్పుడు రోజుకు రెండుసార్లు తడుస్తుంటే అందులోని లోహాల ప్రవర్తనే మారిపోతుంది. నగరానికి ప్రధానంగా ధనిఖాడి జలాశయం నీరు వస్తుంది కాబట్టి తాగునీటి దారి కొంత తక్కువే. వేసవిలో కొళాయి నీళ్లు అరకొరగా వచ్చినప్పుడు జనం ఊటబావులను ఆశ్రయిస్తారు. ముప్పు లెక్కలో ఆ బావులు ఉండాలి.

అందువల్ల ఇక్కడ నేలను అక్కడికక్కడే బాగుచేసే పద్ధతులే మేలు. డీజిల్ పట్టిన మట్టిని కుప్పలుగా పోసి, గాలి ఆడేలా తిరగేస్తూ, ఎరువు కలిపితే సూక్ష్మజీవులు తినేస్తాయి. వేడి, తేమ వాటికి అనుకూలం. కాకపోతే వాన పడకుండా కప్పు కావాలి. లోహాలను జీవులు తినవు. వాటిని ఇనుప ఆక్సైడు వంటి వాటితో కట్టిపడేసి, పైన మంచి మట్టి పొరో కాంక్రీటో కప్పాలి. 2012 ఒలింపిక్స్ కోసం లండన్ తూర్పున తవ్విన మట్టిని అక్కడే కడిగి, ఎక్కువ భాగం మళ్లీ అక్కడే వాడారు. ఆ యంత్రాలు చాతం లాంటి చిన్న దీవికి మోయలేని భారం.

చట్టం, తెలుగు నేల అనుభవం

కేంద్ర ప్రభుత్వం 2025 జులైలో కలుషిత స్థలాల నిర్వహణ నియమాలను నోటిఫై చేసింది. జిల్లా యంత్రాంగం అనుమానిత స్థలాల జాబితాను ఆరు నెలలకోసారి ఇవ్వాలి. కాలుష్య నియంత్రణ సంస్థ 90 రోజుల్లో ప్రాథమిక పరీక్ష, ఆ తర్వాత వివరమైన సర్వే చేయించాలి. బాగుచేసే ఖర్చు కాలుష్యానికి కారణమైనవారిది. వాళ్లు దొరక్కపోతే ప్రభుత్వాలు భరించాలి. గనులు, రేడియోధార్మిక వ్యర్థాలు, సముద్రంలో చమురు, చెత్త డంపులు ఈ నియమాల కిందికి రావు. ఇవన్నీ కాగితం మీద పకడ్బందీగానే ఉన్నాయి.

హైదరాబాద్ అనుభవం అంత పకడ్బందీగా లేదు. కాటేదాన్ పారిశ్రామికవాడ పక్కనున్న నూర్ మహమ్మద్ కుంటను 2010లో మొదలైన ప్రపంచ బ్యాంకు ప్రాజెక్టులో శుద్ధికి నమూనా స్థలంగా ఎంచుకున్నారు. పటాన్‌చెరు చుట్టుపక్కల వాగులు, చెరువుల కాలుష్యంపై సుప్రీంకోర్టులో ఏళ్ల తరబడి కేసు నడిచింది. 2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన హిల్ట్ విధానం, నగరంలోని పాత పారిశ్రామిక పార్కుల్లో సుమారు 9,300 ఎకరాలను ఇళ్లు, ఆఫీసులకు మార్చుకునే దారి తెరిచింది. దానిపై రేగిన రాజకీయ వాదమంతా ఎకరం ధర, ఫీజు శాతం చుట్టూ తిరిగింది. యాభై ఏళ్లు రసాయనాలు తాగిన మట్టి గురించి మాట వినబడింది తక్కువ. తెలుగు నేల బయట, భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ గోదాములోని 337 టన్నుల వ్యర్థాలు తగలబెట్టడానికి 2025 జనవరిలో గానీ పీథంపూర్‌కు కదల్లేదు. సంచుల్లో ఉన్నది కాలింది. నేలలోనూ భూగర్భజలంలోనూ ఉన్నది భోపాల్‌లోనే ఉంది.

భూమి ఎవరిది

1966 భూమి రెవెన్యూ నిబంధన ప్రకారం అండమాన్‌లో భూమి అంతిమంగా ప్రభుత్వానిదే. చాతం మిల్లు నడిపేది ప్రభుత్వ శాఖే, డాక్‌యార్డూ ప్రభుత్వానిదే. కారకుడిని వెతికి ఖర్చు రాబట్టే తతంగం ఇక్కడ ఒక శాఖ నుంచి మరో శాఖకు ఫైలు నడవడంగా మారిపోతుంది. దీనికి ఒక మంచి వైపూ ఉంది: ప్రైవేటు బిల్డరుకు అమ్మే తొందర లేదు కాబట్టి ముందు పరీక్షించి, తర్వాత వాడకం తేల్చే వ్యవధి ఉంది. పైపొర కప్పిన స్థలంలో బావి తవ్వకూడదు, కూరగాయలు పెంచకూడదు వంటి షరతులను భూమి రికార్డులోనే నమోదు చేయాలి. స్థలం తీసుకునేవారి చేతికి ఇచ్చే కాగితంలో ఆ గడి లేకపోతే, పదేళ్ల తర్వాత వచ్చే కాంట్రాక్టరు పునాది కోసం ఆ పొరనే తవ్వేస్తాడు.